నెపం చనిపోయినవారి మీదేనా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, ప్రజారోగ్య సంచాలకులకు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారులకు,



రేబిస్‌తో ఎవరైనా చనిపోయిన ప్రతిసారీ మీ శాఖ వైపు నుంచి వినిపించే జవాబు ఒకటే: ప్రజల్లో అవగాహన లేదు. కరిచిన రోజే రాలేదంటారు. పసరు మందు తాగించారంటారు. రెండు సూదులు వేయించుకుని మూడోదానికి మొహం చాటేశారంటారు. వీటిలో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. కానీ ఈ మాటలన్నీ చివరికి ఒకే చోటికి చేరతాయి: తప్పు పోయినవాడిది, మాది కాదు. ఈ తీర్పును నేను ఒప్పుకోలేను. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

పోలియో చుక్కల సంగతి తెలియని తల్లి ఇవాళ మన పల్లెల్లో కనిపించదు. ఆమెకు ఆ జ్ఞానం ఎవరో ఒక్కరోజు పోస్టరు అంటిస్తే వచ్చింది కాదు. ఏళ్ల తరబడి మీ ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు గడప గడపా తొక్కి చెప్పారు. చెప్పడమే కాదు, చుక్కల సీసా వెంట తెచ్చారు. ఇంట్లో లేని బిడ్డ కోసం మర్నాడు మళ్లీ వచ్చారు. వేలికి గుర్తు పెట్టి, తలుపు మీద సుద్దతో రాసి మరీ వెళ్లారు. అదే తల్లికి కుక్క కరిస్తే ఏం చేయాలో తెలియకపోతే, ఆ తెలియకపోవడాన్ని ఎవరి ఖాతాలో రాయాలి?

రేబిస్ ఎంత క్రూరమైనదో నాకన్నా మీకే బాగా తెలుసు. గొంతు పట్టేసి, గుక్కెడు నీళ్లు చూసినా వణుకు పుట్టి, ఫ్యాను గాలికి కూడా ఉలిక్కిపడే దశ వచ్చిందంటే ప్రపంచంలో ఏ ఆసుపత్రీ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అయితే ఇంత క్రూరమైన జబ్బు కూడా ఒక గడువు ఇస్తుంది. వైరస్ గాయం దగ్గరి నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు పాకుతుంది. కరిచిన నాటి నుంచి లక్షణాలు కనిపించేదాకా సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ముఖం మీదో మెడ మీదో కరిస్తే ఇంకా తొందరగా రావచ్చు, అరుదుగా ఏడాది దాటాక కూడా రావచ్చు. గుండెపోటు వచ్చిన మనిషికి నిమిషాలు దొరుకుతాయి. పాము కరిచినవాడికి గంటలు దొరుకుతాయి. కుక్క కరిచినవాడికి చాలాసార్లు వారాలు దొరుకుతాయి. సబ్బు, నీళ్లు, టీకా, రక్తం వచ్చేలా కరిస్తే ఇమ్యునోగ్లోబులిన్. ఇవి సకాలంలో, సరిగా అందితే దాదాపు అందరూ బతుకుతారు. లూయీ పాశ్చర్ 1885 జులైలో తొమ్మిదేళ్ల పిల్లవాడికి రేబిస్ టీకా ఇచ్చి 140 ఏళ్లు దాటింది. ఇంత గడువు, ఇంత పాత మందు చేతిలో ఉండి కూడా ఒక మనిషిని పోగొట్టుకుంటే, ఆ గడువును వృథా చేసింది అతనొక్కడేనా?

ముందు లెక్కల సంగతి చూద్దాం. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాటు కేసులు నమోదయ్యాయని, రేబిస్ అనుమానిత మరణాలు 54 అని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఐసీఎంఆర్ పరిశోధకులు 15 రాష్ట్రాల్లోని 60 జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి వేసిన అంచనా ప్రకారం ఏటా 5,700 మందికి పైగా చనిపోతున్నారు. రెండు సంఖ్యల మధ్య వంద రెట్ల తేడా ఉంది. ఆ తేడాలో ఉన్నవాళ్లంతా ఎక్కడ చనిపోయారు? ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అంటే ఆటోలో వెనక్కి వెళ్లినవాళ్లు కొందరు. మెదడువాపు అని రాసిన చీటీతో వెళ్లినవాళ్లు కొందరు. గాలి సోకిందని గుడికో దర్గాకో తీసుకెళ్తే అక్కడే కన్నుమూసినవాళ్లు కొందరు. మీ రిజిస్టరుకు ఎక్కని చావుకు మీ బడ్జెట్లో చోటుండదు. ప్రజలకు అవగాహన లేదంటున్న మీకు, మీ జిల్లాలో కిందటేడు రేబిస్‌తో నిజంగా ఎందరు పోయారన్న అవగాహన ఉందా?

అదే సర్వేలో ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. కుక్క కరిచిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఒక్క సూది కూడా వేయించుకోలేదు. మొదటి సూది వేయించుకున్నవారిలో దాదాపు సగం మంది కోర్సు పూర్తి చేయలేదు. మొదటివారి విషయంలో మా దగ్గరికి రాలేదని మీరు అనవచ్చు. రెండోవారి విషయంలో ఏమంటారు? వాళ్లు తెలిసే వచ్చారు. వరసలో నిలబడ్డారు. పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు చెప్పారు. మూడో రోజున రాకపోతే వాళ్లకు ఎవరు ఫోను చేశారు? ఏడో రోజున ఏ ఆశా కార్యకర్త వెళ్లి తలుపు తట్టింది? కోవిడ్ టీకా రెండో డోసు గడువు దగ్గరపడితే మారుమూల తండాలో ఉన్న మనిషి ఫోనుకు కూడా మెసేజ్ వచ్చేది. వేయించుకోగానే సర్టిఫికెట్ వచ్చేది. దాదాపు నూటికి నూరు మందినీ చంపే జబ్బుకు మాత్రం చాలాచోట్ల ఒక చిన్న చీటీ మీద నాలుగు తేదీలు గిలికి చేతిలో పెడతారు. ఆ చీటీ పోతే ఆ మనిషి కూడా లెక్కలోంచి పోయినట్టే. ఇది ఎవరి నిర్లక్ష్యం?

అతను ఎందుకు రాలేదో ఎప్పుడైనా అడిగారా? పీహెచ్‌సీ మండల కేంద్రంలో ఉంటుంది. ఒక పూట కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. కరిచింది పిల్లవాడినైతే ఇద్దరికి చార్జీ. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో ఒక సీసా మందును ఒకరికన్నా ఎక్కువ మందికి సర్దవచ్చు. ఖర్చు తగ్గుతుంది, ఆ పద్ధతి మంచిదే. కానీ తెరిచిన సీసాను కొన్ని గంటల్లోనే వాడేయాలి. దాంతో కొన్నిచోట్ల ఇంకెవరైనా వస్తే తెరుస్తాం కూర్చోమంటారు, లేదంటే రేపు రమ్మంటారు. సీసాలో మందు వృథా కాకూడదన్న మీ జాగ్రత్తకు అతను రెండు పూటల కూలితో మూల్యం చెల్లిస్తాడు. రెండుసార్లు అలా తిరిగినవాడు మూడోసారి రాకపోతే, అతనికి అవగాహన లేదని మీరు రాసుకుంటారా?

ఇక భయం సంగతి. మన ఇళ్లలో నలభై యాభై ఏళ్లు దాటినవారిని అడగండి. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అంటారు. అది వాళ్లు కల్పించుకున్న కథేమీ కాదు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన గొర్రె మెదడు టీకాను మన ప్రభుత్వ ఆసుపత్రులే దశాబ్దాల పాటు పొట్టమీద రోజుకొకటి చొప్పున పొడిచాయి. కొందరికి ఆ టీకా వల్లే పక్షవాతం లాంటి నరాల జబ్బులు వచ్చాయి. దేశంలో ఆ టీకా ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చేది భుజాల దగ్గర చర్మంలోకి అతి కొద్ది మందు, రెండు చేతులకూ ఒక్కో సూది, మొత్తం నాలుగు రోజులు: మొదటి రోజు, దానికి మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు. ప్రైవేటులో కండలోకి వేస్తే ఐదు. అమ్మమ్మ పద్నాలుగు అంటుంది, పక్కింటాయన ఐదు అంటాడు, ఆసుపత్రిలో నాలుగు అంటారు. ఇంట్లో దెబ్బ తగిలిన పిల్లవాణ్ని ఎక్కడికి తీసుకెళ్లాలో నిర్ణయించేది ఆ అమ్మమ్మే. పాత సూదుల కాలం పోయిందని ఆమెకు ఎవరు చెప్పారు? భయం పుట్టించింది మీ ఆసుపత్రే అయినప్పుడు, ఆ భయం పోగొట్టాల్సింది ఆమె మనవడా?

పసరు వైద్యాన్ని మీరు మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. ఆ నమ్మకం ఎందుకు చావడం లేదో ప్రజలకు ఎన్నడైనా వివరించారా? కరిచిన కుక్కలన్నీ పిచ్చికుక్కలు కావు. వైరస్ లేని కుక్క కరిస్తే పసరు తాగినవాడూ బతుకుతాడు, తాగనివాడూ బతుకుతాడు. బతికినవాడు పసరుకు సాక్షిగా ఊళ్లో తిరుగుతాడు. పసరు తాగి పోయినవాడు సాక్ష్యం చెప్పడానికి మిగలడు. కాటు పడిన రెండు మూడు నెలలకు వచ్చిన చావు కనుక దాన్ని ఆ కాటుతో ముడిపెట్టేవారూ తక్కువే. కారం అద్దడం, సున్నం పట్టించడం, వంకాయ, మాంసం మానిపించి పథ్యం పెట్టడం, తాయెత్తు కట్టడం, ఇవన్నీ ఇలాంటి సాక్ష్యాల మీదే నడుస్తున్నాయి. ఈ తర్కం అర్థం చేసుకోలేనంత అమాయకులు కారు మా పల్లెవాళ్లు. వాళ్లతో కూర్చుని చెప్పినవాళ్లు లేరు, అంతే. నాటువైద్యుడి ఇల్లు ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. అతను గాయాన్ని ముట్టుకుని చూస్తాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు. మీ పీహెచ్‌సీకి సాయంత్రం వెళ్తే ఎవరుంటారు?

ఊళ్లో మొదట చూసేది చాలాసార్లు ఆర్‌ఎంపీయే. గాయం తుడిచి, కట్టు కట్టి, టీటీ సూది వేసి పంపుతాడు. కొందరు కుట్లు కూడా వేసేస్తారు. సూది పడింది కదా అని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా నిద్రపోతారు. ధనుర్వాతం సూదికీ రేబిస్‌కూ సంబంధం లేదని, కాటు గాయానికి వెంటనే కుట్లు వేస్తే వైరస్ లోపలికి ఇంకా దిగుతుందని అతనికి మీరు ఎప్పుడు చెప్పారు? అతనిది అనధికార వైద్యమని మీకు తెలుసు. అయినా జనం మొదట వెళ్లేది అతని దగ్గరికేనని కూడా మీకు తెలుసు. అతనితో ఒక్క పని చేయించండి చాలు: గాయాన్ని కడిగించి, అదే రోజు ఫలానా ఆసుపత్రికి పంపడం. మందుల షాపువాడికీ, నాటువైద్యుడికీ కూడా ఇదే చెప్పండి. వాళ్ల మీద దాడులు చేయడం తేలిక. వాళ్ల చేత సరైన దారి చూపించడం కష్టమే. మీకు జీతమిచ్చేది ఆ కష్టానికే కదా?

ఇప్పుడు అందరూ మాట్లాడకుండా దాటేసే విషయం, ఇమ్యునోగ్లోబులిన్. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రక్తం కారేలా కరిచినప్పుడు, చీరినప్పుడు ఆ మధ్యకాలంలో వైరస్‌ను గాయంలోనే అడ్డుకునేది ఈ మందు. మనిషి బరువును బట్టి లెక్కగట్టి గాయంలోనూ చుట్టూ ఎక్కించాలి. మొదటి టీకా వేసిన ఏడు రోజుల్లోపే ఇవ్వాలి, ఆ తర్వాత ఇచ్చి లాభం లేదు. ఐసీఎంఆర్ పరిశోధకులు చూసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా దాదాపు ఐదింట నాలుగుచోట్ల ఉంటే, ఇమ్యునోగ్లోబులిన్ ఐదింట ఒకచోటే ఉంది. అంటే అన్నీ తెలిసి, పరుగున వచ్చి, గాయం కడుక్కుని వచ్చిన మనిషికి కూడా చాలాచోట్ల సగం వైద్యమే దొరుకుతుంది. మిగతా సగానికి జిల్లా ఆసుపత్రికి పొమ్మంటారు. ఎందుకు పొమ్మంటున్నారో, పోకపోతే ఏమవుతుందో అతనికి తెలిసేలా చెప్పేవాళ్లు ఎందరు? టీకా వేయించుకున్నాం కదా అని ఇంటికి వెళ్లిపోయిన ఆ మనిషి రేపు మీ లెక్కలో ఏ కారణం కింద చేరతాడు? 2025 ఏప్రిల్, మే నెలల్లో కేరళలో టీకా వేయించుకున్న పిల్లలు కూడా రేబిస్‌తో చనిపోయారు. తల, ముఖం, చేతుల మీద లోతుగా కరిస్తే గడువు ఎంత తక్కువో, మొదటి నిమిషాల్లో గాయం కడగడం ఎంత ముఖ్యమో ఆ చావులు చెప్పాయి. మనం ఆ పాఠం చదివామా?

చిత్రమేమిటంటే మందు మనకు పరాయిది కాదు. అభయ్‌రాబ్ టీకాను తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలిలో ఉంది. ఇక్కడి మందు దేశమంతటికీ, విదేశాలకూ వెళ్తుంది. అదే నగరంలో, కుక్క కరిస్తే నారాయణగూడలోని ప్రభుత్వ టీకా కేంద్రం ఐపీఎంకు పోవాలని ఆటో డ్రైవరుకూ తెలుసు, ఇస్త్రీ బండి నడిపేవాడికీ తెలుసు. ఆ మాట వాళ్లకు ఏ పోస్టరూ నేర్పలేదు. అక్కడికి వెళ్తే సూది దొరుకుతుందన్న నమ్మకం తరాలుగా నోటి నుంచి నోటికి వచ్చింది. మీరు వెతుకుతున్న అవగాహన ఇలాంటిదే. వెళ్తే దొరుకుతుందన్న గట్టి నమ్మకం ఉన్నచోట ప్రజలకు దారి ఎవరూ చెప్పనక్కర్లేదు. వెళ్తే ఉందో లేదో అన్న అనుమానం ఉన్నచోట ఎన్ని పోస్టర్లు అంటించినా పసరే దగ్గరి దారి. నారాయణగూడ మీద ఉన్న ఆ నమ్మకం పాడేరులో, ఉట్నూరులో, అచ్చంపేటలో, మార్కాపురంలో ఎందుకు లేదు? ఆ ఊళ్లవాళ్లు నగరంలోని పెద్దాసుపత్రికి చేరేసరికి ఎందుకు చేయి దాటిపోవాలి?

నేను బడిపంతులుగా పనిచేసినవాణ్ని. అందుకే పిల్లల గురించి ప్రత్యేకంగా అడుగుతున్నాను. అనుమానిత జంతువుల కాటుకు గురయ్యేవారిలో పదిహేనేళ్లలోపు పిల్లలు 40 శాతం దాకా ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలు కాటును దాస్తారు. ఇంట్లో తిడతారని దాస్తారు, సూదికి భయపడి దాస్తారు, కుక్కపిల్లను వీధిలోకి గెంటేస్తారని దాస్తారు. చిన్న గీతే కదా అనుకుంటారు. కుక్కపిల్ల గీరినా, పెంపుడు కుక్క కరిచినా, పిల్లి కరిచినా, కోతి కరిచినా ఇదే ప్రమాదం ఉండొచ్చని వాళ్లకు తెలియదు. పిల్లలదాకా ఎందుకు? 2025లో ఉత్తరప్రదేశ్‌లో ఒక యువ కబడ్డీ ఆటగాడు కాలువలో పడిన కుక్కపిల్లను కాపాడబోయి వేలిమీద చిన్న కాటు తిన్నాడు. పట్టించుకోలేదు. కొన్ని నెలలకు ప్రాణం పోయింది. అతను అడవిలో ఉన్నవాడు కాదు, లోకం తెలియనివాడూ కాదు. ఈ జబ్బు గురించి సూటిగా ఒక్క మాట అతని చెవిన పడి ఉండాల్సింది.

ఆ ఒక్క మాట చెప్పడానికి బడికన్నా మంచి చోటు ఏముంది? సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఇచ్చిన ఉత్తర్వుల్లో ఆసుపత్రులన్నిటిలో టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ఎప్పుడూ నిల్వ ఉండాలంది. విద్యార్థులకు కుక్కల దగ్గర ఎలా మెలగాలో, కరిస్తే ఏం చేయాలో నేర్పాలంది. టీవీ చర్చల్లో మాత్రం ఈ రెండు మాటలూ వినిపించలేదు. కుక్కల్ని ఎక్కడికి తరలించాలన్న గొడవలో అవి కొట్టుకుపోయాయి. మీ శాఖలు విద్యాశాఖతో కలిసి ఆ ఉత్తర్వును బడి గంటలోకి ఎలా తెచ్చాయి? ఎన్ని బడుల్లో పిల్లలచేత చేతులు కడిగించినట్టే గాయం కడగడం చేసి చూపించారు? కారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు అంటే ఎంతసేపో పదేళ్ల పిల్లవాడికి తెలియదు. నోటితో చెబితే పట్టదు, చేయిస్తే పడుతుంది. ఒక మగ్గు నీళ్లు పోసి కడిగామనుకునే పెద్దలకూ తెలియదు. నీళ్లూ సబ్బూ లేని బడి ఉంటే ఆ సంగతి కూడా అలా చేయించినప్పుడే బయటపడుతుంది.

కుక్కల సంఖ్య మా పని కాదు, మున్సిపాలిటీదంటారు. మున్సిపాలిటీ పశుసంవర్ధక శాఖను చూపిస్తుంది. ఆ శాఖ పంచాయతీని చూపిస్తుంది. పంచాయతీ నిధులు లేవంటుంది. కుక్కల్లో కనీసం 70 శాతానికి ఏటా టీకా వేస్తే వాటిలో జబ్బు వ్యాపించడం ఆగుతుందని మీ అందరికీ తెలుసు. గోవా ఆ పని చేసింది. కుక్కలకు టీకాలు, బడుల్లో పాఠాలు, జబ్బు కుక్కలపై నిఘా, ఈ మూడింటినీ ఒక్కచోటికి తెచ్చి 2021లో రేబిస్ అదుపులో ఉన్న ప్రాంతంగా ప్రకటించుకుంది. మన కన్నా చిన్న రాష్ట్రమే, ఒప్పుకుంటాను. అక్కడ శాఖలు ఒకరినొకరు చూపించుకుంటూ కూర్చోలేదన్నది కూడా ఒప్పుకోవాలి కదా? మన రెండు రాష్ట్రాల్లో ఒక్క జిల్లాతోనైనా అలా మొదలుపెట్టలేమా?

సమాచారం లేకపోవడం ఒకవైపు నిర్లక్ష్యాన్ని పెంచితే, ఇంకోవైపు అనవసర భయాన్నీ పెంచుతుంది. పిచ్చికుక్క కరిచిన గేదె చనిపోయిందంటే దాని పాలు కాఫీలో తాగినవాళ్లంతా సూదుల కోసం వరస కడతారు. కాచిన పాలతో రేబిస్ రాదని ఆ ఉదయం మీ డాక్టరు ఊళ్లో నిలబడి చెబితే, ఆ సీసాలు నిజంగా కుక్క కరిచినవాళ్లకు మిగిలేవి. గర్భిణులకు ఈ టీకా వేయకూడదని, బాలింతలకు వేయకూడదని ఇంకో అపోహ ఉంది. వేయవచ్చు, వేసి తీరాలి. పథ్యం ఏమీ అక్కర్లేదు. కుక్కను పది రోజులు చూసి అది చస్తే అప్పుడు వెళ్దామనుకునేవారున్నారు. కుక్కను చూస్తూ ఉండొచ్చు గాని సూది మాత్రం ఆ రోజే పడాలి. నెల దాటిపోయింది, ఇక లాభం లేదనుకుని ఇంట్లో కూర్చునేవారున్నారు. లక్షణాలు రానంతవరకూ ఎప్పుడు వచ్చినా వైద్యం మొదలుపెట్టాల్సిందే. ఈ నాలుగు మాటలూ రాయడానికి నాకు కొద్ది నిమిషాలు పట్టింది. ప్రతి సచివాలయం గోడ మీద, ప్రతి రేషన్ దుకాణం దగ్గర, ప్రతి బస్టాండు మైకులో ఇవి కనిపించడానికి, వినిపించడానికి మీకు ఇన్నేళ్లు ఎందుకు చాలలేదు?

ఏటా సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం వస్తుంది. ఆ రోజు బ్యానరు కడతారు, కొన్ని పెంపుడు కుక్కలకు ఉచిత టీకా వేస్తారు, ఫొటో దిగుతారు. 2021లో సరిగ్గా అదే రోజున కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌తో ఒక్క మనిషీ చనిపోకూడదన్నది లక్ష్యం. ఆ గడువు ఇప్పుడు దగ్గరికొచ్చింది. మీ జిల్లా ప్రణాళికలో ఈ లక్ష్యానికి ఎన్ని మెట్లున్నాయి? ఏ మెట్టు ఎక్కారు?

నా విన్నపాలు పెద్దవి కావు.

మొదటి సూది వేసిన ప్రతి మనిషి వివరాలూ ఒకే జాబితాలో ఉండాలి. తర్వాతి తేదీన రాకపోతే ఆ సాయంత్రమే ఏఎన్ఎం ఫోను చేయాలి, ఫోను ఎత్తకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలి. ఆ బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి.

ఇమ్యునోగ్లోబులిన్ కనీసం ప్రతి ఏరియా ఆసుపత్రిలో, ప్రతి సామాజిక ఆరోగ్య కేంద్రంలో పగలూ రాత్రీ ఉండాలి. దాన్ని గాయంలోకి ఎక్కించడం వచ్చిన నర్సు ఉండాలి. లేనిచోట నుంచి ఉన్నచోటికి తీసుకెళ్లే బాధ్యత 108 వాహనానిది కావాలి, రోగిది కాదు.

ఒక్క మనిషి వచ్చినా సీసా తెరవాలి. వృథా అయ్యే మందు లెక్కను సిబ్బంది మెడకు చుట్టకూడదు.

ప్రతి బడిలో ఏడాదికి రెండుసార్లు పిల్లలచేత గాయం కడిగించి చూపించాలి. పిల్లలు కాటు సంగతి ఇంట్లో చెబితే తిట్టవద్దని తల్లిదండ్రుల సమావేశంలో పెద్దలకు చెప్పాలి.

రేబిస్ అనుమానంతో జరిగిన ప్రతి మరణాన్నీ, ఇంట్లో జరిగినా సరే, విచారించి నమోదు చేయాలి. కరిచిన రోజు నుంచి చనిపోయిన రోజు దాకా ఆ మనిషి ఎవరెవరి దగ్గరికి వెళ్లాడో, ఎవరేం చెప్పి పంపారో రాయాలి. ప్రసవంలో తల్లి చనిపోతే సమీక్ష జరుపుతున్నారు కదా, దీనికి ఎందుకు జరపరు?

చివరిగా ఒక్క పట్టిక అడుగుతున్నాను. జిల్లాల వారీగా, నెలనెలా, అందరికీ కనిపించేలా ప్రచురించండి. ఏ ఆసుపత్రిలో టీకా ఎంత ఉంది, ఇమ్యునోగ్లోబులిన్ ఎంత ఉంది, ఎందరు మొదలుపెట్టారు, ఎందరు పూర్తి చేశారు, ఎందరు చనిపోయారు. ఐదే గడులు. సమాచార హక్కు చట్టం కింద అడగకముందే మీరే పెట్టండి. ఆ పట్టికలో మీ గడులన్నీ నిండుగా ఉండి, అయినా ఒక మనిషి చనిపోతే, ఆ రోజున ప్రజల్లో అవగాహన లేదని మీరు అనండి, నేనూ మీతో కలిసి అంటాను. అప్పటిదాకా ఆ మాట అనే హక్కు మీకు లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు